ఎనుముకు వచ్చిన నోటీసు

బయమ్మకు ఊరికే కూర్చోవడం చేతకాదు. ఆడిపోసుకోవడానికి అంటున్న మాట కాదిది, ఉన్న సంగతి. అరవై దగ్గర పడుతున్నా ఆమె ఒక్కచోట కుదురుగా ఉన్నది పెళ్లిపీటల మీద మాత్రమేననీ, అదైనా పక్కన మేనత్త భుజం నొక్కిపెట్టి ఉండబట్టేననీ వాళ్లింట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. కంబదూరు పక్క పల్లెలో ఉన్నన్నాళ్లూ అదొక తప్పుగా ఎవరికీ కనబడలేదు. ఇరవై ఎకరాల మెట్ట, రెండు జతల ఎద్దులు, నాలుగు పాడి ఎనుములు, విత్తనం రోజుల్లో వాకిట్లో ముప్పై మంది కూలీలు. అంత సంసారం నడవాలంటే కాలు నిలవని మనిషే కావాలి. ఆమె నడిపింది.

తర్వాత వానలు ముఖం చాటేశాయి. ఒక ఏడు శెనక్కాయ మొలిచి మాడింది, మరుసటి ఏడు మొలవకుండానే మాడింది, మూడో ఏడు విత్తే ధైర్యం ఎవరికీ లేకపోయింది. ఆ మధ్యలోనే మొగుడు నారాయణరెడ్డి జ్వరమని పడుకుని మళ్లీ లేవలేదు. ఎద్దులు పోయాయి. మూడు ఎనుములు పోయాయి. అనంతపురంలో ఒక ఆఫీసులో గుమాస్తాగా ఉన్న కొడుకు విష్ణువర్ధన్, ఊరి చివర ఆనందనగర్ అనే కొత్త కాలనీలో ఇల్లు కట్టుకుని, రెండువేల సంవత్సరం ఎండాకాలంలో తల్లిని తీసుకుపోవడానికి వచ్చాడు. బయమ్మ ఒకే మాట అంది. నుదుట తెల్లచుక్క ఉన్న ఆఖరి ఎనుము చుక్కి తనతో వస్తుంది, అది రాకపోతే తాను రాదు. తల్లికి ఎదురు చెప్పి గెలిచిన చరిత్ర విష్ణువర్ధన్‌కు పుట్టాక ఒక్కటీ లేదు. అందువల్ల టెంపోలో ముందు చుక్కి ఎక్కింది, దాని పక్కన బయమ్మ ఎక్కింది, సామాన్లు మిగిలిన జాగాలో సర్దుకున్నాయి.

ఆనందనగర్‌లో బయమ్మకు పని కరువైంది. వానల కరువు ఆమె చూసినదే, ఈ కరువు కొత్తది. పొయ్యి మండించాలంటే గ్యాసు, పచ్చడి నూరాలంటే మిక్సీ, రెండు రోజులకొకసారి నీళ్లొస్తే పట్టడానికి గొట్టం. కోడలు ప్రశాంతి నోట్లో నాలుక లేని పిల్ల. అన్ని పనులూ తనే చేసి, "మీరు కూర్చోండత్తా" అనేది. ఆ మాట వింటే బయమ్మకు ఒళ్లు మండేది. తెల్లవారకముందే లేచి వాకిలి ఊడ్చేది, తర్వాత వీధి ఊడ్చేది, ఏడు గంటలకల్లా ఊడ్చడానికి ఇంక భూమి మిగిలేది కాదు. మిగిలింది చుక్కి ఒక్కటే. దానికి మేత తేవాలి, కుడితి పెట్టాలి, ఒళ్లు కడగాలి, పేడ ఎత్తాలి, పాలు పితకాలి. ఆ ఎనుము ఉంటే ఆ ఊళ్లో బయమ్మకు బతుకుంది. అది పోతే కోడలు చూపించిన కుర్చీలో కూర్చుని గోడ చూడటమే.

చూడటానికి గోడకేం తక్కువ లేదు. అవతల 4-113 నంబరు ఇల్లు నర్సు కృపాకుమారిది. పామిడి దిక్కు పల్లెల్లో ఇరవై ఆరేళ్లుగా కాన్పులు చేసిన మనిషి. మొగుడు బడిపంతులు, చనిపోయి నాలుగేళ్లు. ఒక్క కూతురు పెళ్లయి వెళ్లిపోయింది. పొద్దున ఏడింటి బస్సుకు వెళ్లి సాయంత్రం ఆరింటికి తిరిగి వస్తుంది. ఇల్లు అద్దంలా ఉంచుకుంటుంది. గుమ్మం పక్కన వరసగా పన్నెండు కుండీల్లో క్రోటన్ మొక్కలు, ఆ కరువులో కూడా బియ్యం కడిగిన నీళ్లతో బతికించినవి.

తగాదా పిడకలతో మొదలైందని వీధివాళ్లంతా అనుకుంటారు. బయమ్మ కూడా అలాగే అనుకుంది. క్రిస్‌మస్‌కు కృపాకుమారి ప్రహరీకి సున్నం కొట్టించింది. తెల్లగా, నున్నగా, ఎండ తగిలే గోడ. అలాంటి గోడను చూసి పిడకలు కొట్టకుండా ఉండటం పల్లెలో పుట్టిన ఆడమనిషికి అయ్యే పని కాదు. గోడ ఆమెదైనా ఇవతలి ముఖం మనదే కదా అని బయమ్మ లెక్క. సాయంత్రం కృపాకుమారి వచ్చి చూసేసరికి నలభై రెండు పిడకలు. ఆమె కేకలు వేయలేదు. అట్లకాడతో ఒక్కొక్కటే ఊడదీసి బయమ్మ గేటు ముందు దొంతులుగా పేర్చి పోయింది. కేకలు వేసి ఉంటే బయమ్మ అంతకు రెండింతలు వేసి ఆ రోజుతో మరిచిపోయేది. ఆ దొంతులు మాత్రం ఆమె కడుపులో పడి అరగలేదు.

అక్కడి నుంచి మూడేళ్లు ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. కృపాకుమారి గోడ రెండు వరసలు లేపింది. బయమ్మ పేడదిబ్బను ఆ గోడ దగ్గరికి జరిపింది. కృపాకుమారి పాలు పితికే వేళకు టేపు రికార్డరులో చర్చి ఆరాధన పాటలు పెట్టేది. ఆ పాటలకు చుక్కి అరలీటరు తక్కువ ఇస్తోందని బయమ్మ వీధంతా చెప్పింది. ఒక రోజు గేటు తెరిచి ఉన్న అదను చూసి చుక్కి లోపలికి పోయి రెండు క్రోటన్లు మొదలంటా తిన్నది. తోలింది బయమ్మేనని కృపాకుమారి నమ్మకం. ఈ ఒక్క విషయంలో బయమ్మ నిజంగా నిర్దోషి. తనకు ముందే ఆ ఆలోచన రానందుకు మాత్రం ఆమె చాలా రోజులు నొచ్చుకుంది.

ఇన్ని జరిగినా ఇద్దరూ ఒకరితో ఒకరు నేరుగా ఒక్క మాట అనుకోలేదు. బయమ్మ ఏదైనా అనాలనుకుంటే ఎనుముతో అనేది. దాని వీపు రుద్దుతూ, కొంతమందికి ఉద్యోగాలున్నా ఇరుగుపొరుగు మర్యాద తెలీదు కదే చుక్కీ, అని గోడ అవతలికి వినబడేలా చెప్పేది. కృపాకుమారి జవాబు క్రోటన్లకు చెప్పేది. కుండీలో నీళ్లు పోస్తూ, మనుషులుండే కాలనీని పశువుల సంత చేసినారు చూడండమ్మా, అనేది. వినే ఓపిక ఉంటే అదొక పూర్తి పంచాయితీ. చుట్టుపక్కల వాళ్లు టీవీ కట్టేసి మరీ వినేవాళ్లు.

రెండువేల మూడు వర్షాకాలంలో, వానలు లేకపోయినా దోమలు వచ్చాయి. కృపాకుమారి అర్జీ రాసింది. ఆమెకు రిజిస్టర్లు రాయడం చేతి పని, ఏది ఎక్కడ ఎలా రాయాలో బాగా తెలుసు. దోమలు, ఈగలు, మలేరియా, నివాస ప్రాంతం, అన్నీ వరస తప్పకుండా రాసి, పదకొండు ఇళ్లు తిరిగి సంతకాలు పెట్టించి పురపాలక కార్యాలయంలో ఇచ్చింది. సెప్టెంబరు మొదటివారంలో శానిటరీ మేస్త్రీ రామాంజులు సైకిలు మీద వచ్చి బయమ్మ చేతిలో ఒక కాగితం పెట్టి వేలిముద్ర తీసుకున్నాడు. ఇంటి నంబరు 4-112 ఆవరణలో ఉంచబడిన ఎనుమును పదిహేను దినములలోగా సదరు ఆవరణ నుండి తొలగించవలెను.

ఆ కాగితం చూసి విష్ణువర్ధన్ పైకి విచారంగా ముఖం పెట్టాడు కానీ లోపల ఊపిరి పీల్చుకున్నాడు. ఆఫీసులో చొక్కా దగ్గర పేడ వాసన వస్తోందని అతనికి ఎప్పటి నుంచో అనుమానం. తాను చెప్పలేని మాట ప్రభుత్వం చెప్పింది. గుత్తి దిక్కు నుంచి ఒక బేరగాడిని మాట్లాడి, పదిహేనో రోజు పొద్దున వచ్చి తోలుకుపోయేలా ఒప్పందం చేసుకున్నాడు. అప్పటికి చుక్కికి నెలలు నిండాయి, ఈ వారమో వచ్చే వారమో ఈనుతుంది. ఈనినా ఈనకపోయినా తోలుకుపోతానని బేరగాడు అన్నాడట.

ఆ రోజుల్లో బయమ్మను చూసినవాళ్లు ఆమె ఎప్పుడు తిన్నదో ఎప్పుడు పడుకున్నదో చెప్పలేరు. కాలుగాలిన పిల్లిలా కాలనీ అంతా తిరిగింది. పాలవాళ్ల కొట్టాల్లో జాగా అడిగింది, వాళ్ల పశువులకే మేత లేదన్నారు. ఖాళీ ప్లాట్ల యజమానుల పేర్లు అడిగింది, వాళ్లెవరో ఎక్కడుంటారో ఎవరికీ తెలియదు. పల్లెకు తిరిగిపోతానంది. పల్లెలో తాగునీళ్లే ట్యాంకరు మీద వస్తున్నాయని కొడుకు గుర్తు చేశాడు. మిద్దె ఎక్కేది, దిగేది, చుక్కి దగ్గరికి పోయి పలుపు విప్పేది, మళ్లీ కట్టేది. పలుపు ఎందుకు విప్పిందో ఆమెకే తెలియదు. గోడ అవతలి మనిషిని మాత్రం ఎనుముతో కూడా ఏమీ అనలేదు.

పదకొండో రోజు ఆదివారం. కొడుకూ కోడలూ ధర్మవరంలో పెళ్లికి పోయారు. పొద్దున్నే చుక్కి మేత ముట్టక తోక ఎత్తుకుని తిరగడం మొదలుపెట్టింది. పది గంటలకు ఉమ్మనీళ్లు పోయాయి. ఒక గిట్ట బయటికి కనబడింది. అంతే, అక్కడితో ఆగిపోయింది. బయమ్మ జన్మలో యాభై ఈతలు చూసి ఉంటుంది. రెండు గిట్టలూ వాటి మీద మూతీ రావాలి. ఒక్క గిట్టే వస్తే లోపల రెండో కాలు మడతపడి ఉన్నట్టు. పల్లెలో అయితే పాపన్న అనే ముసలాయన చెయ్యి పెట్టి సరిచేసేవాడు, కూత వేస్తే వచ్చేవాడు. ఇక్కడ ఎవరిని కూత వేయాలి? టెలిఫోను బూతుకు పరుగెత్తి పశువుల ఆసుపత్రికి ఫోను చేయించింది. డాక్టరు గడ్డి శిబిరాల డ్యూటీలో పల్లెల మీద ఉన్నాడని ఎవరో చెప్పారు. తిరిగొచ్చేసరికి చుక్కి పడుకుంది. ముక్కుతోంది, ఆయాసపడుతోంది, కళ్లు తేలేస్తోంది. పన్నెండు దాటింది, ఒంటిగంట అయింది.

అప్పుడు పక్క గేటు చప్పుడైంది. కృపాకుమారి చర్చి నుంచి వచ్చింది. తెల్లచీర, చేతిలో బైబిలు సంచి. లోపలికి పోబోతూ ఆగిన సంగతి గోడ ఇవతల నుంచి బయమ్మకు తెలిసింది. చుక్కి ఒక మూలుగు మూలిగింది. తర్వాత కృపాకుమారి గొంతు వినబడింది. ఆమె క్రోటన్ మొక్కలతో మాట్లాడుతోంది.

"నీళ్లు పోయి ఎంతసేపాయనో ఏమో."

బయమ్మ ఎనుము మెడ మీద చెయ్యి వేసింది.

"పదింటికి పోయినాయి కదే చుక్కీ."

"ఎన్ని కాళ్లు కనబడతాండాయో."

"ఒకటే, చుక్కీ. ఒకటే కదే."

అవతల సంచి గట్టు మీద పెట్టిన చప్పుడు. ఈసారి మాట మొక్కలకు కాదు.

"గేటు తెరువమ్మా. కొబ్బరినూనె, సబ్బు, రెండు బిందెల నీళ్లు పెట్టు."

మూడేళ్లలో కృపాకుమారి ఆమెతో నేరుగా అన్న మొదటి మాట అదే. బయమ్మ గేటు తెరవడానికి పరుగెత్తిన తీరు చూస్తే ఎవరైనా ఇంటికి నిప్పంటుకుందనుకుంటారు.

కృపాకుమారి గాజులు తీసి కిటికీలో పెట్టింది. కొంగు నడుముకు చుట్టుకుంది. మోచెయ్యి దాటేదాకా సబ్బుతో రుద్ది నూనె పూసుకుంది. తనకు రెండు కాళ్ల కేసులే తెలుసుననీ, నాలుగు కాళ్ల కేసు ఇదే మొదలనీ, ఏమన్నా అయితే తనను అనవద్దనీ ముందే చెప్పింది. బయమ్మ తలకాయ ఊపింది. చుక్కి తలను ఒళ్లో పెట్టుకుని, అది ఎప్పుడు ముక్కబోతోందో దాని కడుపు చూసి చెబుతూ వచ్చింది. చెయ్యి కృపాకుమారిది, అదను చెప్పడం బయమ్మది. ఎనుము ముక్కినప్పుడు ఆగడం, వదిలినప్పుడు దూడను లోపలికి నెట్టడం, నెట్టి మడతపడిన కాలు కోసం వెతకడం. రెండుసార్లు దొరికి జారింది. కృపాకుమారి ముఖం నుంచి చెమట ధార కట్టింది. మూడోసారి ఆమె కళ్లు మూసుకుని, గిట్ట అంచు కడుపును చీల్చకుండా అరచేతిలో దాచి మెల్లగా ముందుకు తెచ్చింది. రెండో గిట్ట బయటపడింది.

ఇంక లాగమని ఆమె అనకముందే బయమ్మ వచ్చి పక్కన పడింది. ఇద్దరూ కలిసి లాగారు. దూడ జారి వాళ్లిద్దరి మీదా పడింది. పెయ్యదూడ. ఊపిరి లేదు. బయమ్మ దాని ముక్కులు తుడిచి, గడ్డిపోచ పెట్టి తిప్పింది. ఏమీ లేదు. వెనక కాళ్లు పట్టి ఎత్తి తలకిందులుగా ఊపింది. ఆ వయసులో అంత బలం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. దూడ తుమ్మింది. చుక్కి ఆ శబ్దం విని తల ఎత్తి చూసింది. బయమ్మ అక్కడే మోకాళ్ల మీద పడి చిన్నపిల్లలా ఏడ్చింది. కృపాకుమారి తెల్లచీర వైపు చూసుకుని, నీళ్లు పోయమని అడిగి చేతులు కడుక్కుని, మాయ పడేదాకా ఉండి, గాజులు తీసుకుని తన ఇంటికి పోయింది.

మర్నాడు జున్ను. ఈనిన ఎనుము ముర్రుపాలు చుట్టుపక్కల ఇళ్లకు పంచకుండా ఇంట్లో ఎవరూ నోట పెట్టరాదు, అది బయమ్మ పుట్టింటి పద్ధతి. మొదటి గిన్నె పట్టుకుని ఆమె పక్కింటికి పోయింది. కృపాకుమారి గిన్నె తీసుకుని, తాను ఆ పొద్దున్నే సెలవు పెట్టి పురపాలక ఆఫీసుకు పోయి అర్జీ వెనక్కి తీసుకుంటానని చెప్పి వచ్చిన సంగతి చెప్పింది. గుమాస్తా ఒప్పుకోలేదు. పన్నెండు మంది పెట్టిన అర్జీని ఒక్కరు వచ్చి వద్దంటే కుదరదు, పన్నెండు మందీ రాసివ్వాలన్నాడు. తాను అంత గట్టిగా అర్జీ రాసినందుకు కృపాకుమారి తన చేతినే తిట్టుకుంది.

ఆ సాయంత్రం ఆనందనగర్ ఒక వింత చూసింది. ముందు బయమ్మ జున్ను గిన్నెతో, వెనక కృపాకుమారి కాగితంతో, ఏ పదకొండు ఇళ్లకు పోయి సంతకాలు అడిగిందో అవే ఇళ్లకు పోయారు. తొమ్మిది ఇళ్లవాళ్లు జున్ను తిని సంతకం పెట్టారు. ఒకరు ఊళ్లో లేరు, ఇల్లు తాళం. ఆఖరిది రిటైరైన హెడ్‌క్లర్కు ఓబుళేసు గారిది. ఆయన జున్ను తిన్నాడు, మిరియాలు సరిగ్గా పడ్డాయని మెచ్చుకున్నాడు, మళ్లీ పెట్టించుకుని తిన్నాడు. తర్వాత మూతి తుడుచుకుని, రూలు రూలేనమ్మా, ఒకసారి పెట్టిన సంతకం తీసుకోవడం నా సర్వీసులో లేదు, అన్నాడు. బయమ్మ ఆ గిన్నె ఆయన నెత్తిన వేయకుండా కృపాకుమారి చెయ్యి పట్టి బయటికి లాగింది.

పద్నాలుగో రోజు సాయంత్రం. బేరగాడు పొద్దున తొమ్మిదికి వస్తాడు. కృపాకుమారి డ్యూటీ నుంచి వచ్చి కాళ్లు కూడా కడుక్కోకుండా నోటీసు తెమ్మంది. వీధిదీపం కింద నిలబడి రెండుసార్లు చదివింది. రిజిస్టర్ల మనిషి కదా, ఏ గడిలో ఏమి రాశారో అదే చూస్తుంది. 4-112 ఆవరణ నుండి తొలగించమన్నారు, ఊరి నుండి తొలగించమనలేదు. తనది 4-113. తన ఇంట్లో కడితే మళ్లీ అర్జీ రావాలి, మళ్లీ విచారణ జరగాలి, మళ్లీ నోటీసు రావాలి. పక్కింటివాళ్లు అర్జీ పెట్టాలి. తన పక్కింటివాళ్లు ఎవరు? అవతల ఖాళీ ప్లాటు, ఇవతల బయమ్మ.

బయమ్మకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ఆమె ముఖం వెలిగిన వెలుగు చూసి కృపాకుమారి కళ్లు దించుకుంది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఆమె చేతిలో పెట్టింది.

"ఒక మాట ఉండాది. విని తోలుకురా."

"ఏమి?"

"నువ్వు ఈడికి వచ్చిన రోజు. మిట్టమధ్యాహ్నం. టెంపో దిగి ఎండలో నిలబడితివి, పెదవులు ఎండిపోయి ఉండె. నేను చెంబుతో నీళ్లు తెచ్చినా. నీ దగ్గరికి పట్టుకొస్తే, దప్పి ల్యాదమ్మా అంటివి. నేనింకా తిరిగి మా గేట్లోకి పోలా. వీధి కొళాయి కింద దోసిలి పట్టి గటగటా తాగితివి."

బయమ్మ చేతిలోని నోటీసు మడత విప్పి, మళ్లీ మడిచింది.

"అర్జీలో దోమలని రాసినా. ఈగలని రాసినా. ఇది రాసేదానికి దాంట్లో జాగా ల్యాకపాయ," అంది కృపాకుమారి. ఆమె గొంతులో కోపం లేదు, అదే బయమ్మకు మరీ కష్టంగా ఉంది. "నువ్వు జున్ను పెడితివి, నేను తింటి. పెట్టేది మీకెప్పుడూ కష్టం కాదు. రేపు నీ ఎనుము మా ఇంట్లో ఉంటాది, మా నీళ్లు తాగుతాది. నీ సంగతి ఏమో నువ్వే చూసుకో."

లోపలికి పోయి తలుపు వేసుకుంది.

బయమ్మకు ఆ రోజు గుర్తుంది. టెంపో గుర్తుంది, ఎండ గుర్తుంది, చుక్కి కాలు టెంపో చెక్కల్లో ఇరుక్కుంటే తీసింది గుర్తుంది. నీళ్ల చెంబు గుర్తు లేదు. ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. అబద్ధం అనుకుందామంటే అబద్ధం కాదని ఆమెకే తెలుసు, ఎందుకంటే తాను అలాగే అని ఉంటుంది. ఊళ్లో కూలీలకు నీళ్లు ఎత్తి పోసింది, వాళ్ల ఇళ్లల్లో ఏనాడూ తాగలేదు. తాగకూడదని ఎవరూ చెప్పలేదు, చెప్పవలసిన అవసరం రాలేదు. అది చెయ్యి ముక్కు తుడుచుకున్నంత అలవాటుగా జరిగిపోయింది, జరిగినట్టే తెలియకుండా. ఒకరు మూడేళ్లు గుండెలో పెట్టుకుని తిరిగిన మాటను తాను మరుక్షణమే మరిచిపోయింది. పిడకల మీద, పాటల మీద ఎన్ని పేచీలు పెట్టింది! ఆమెకు మొదట కోపం వచ్చింది. తర్వాత సిగ్గేసింది. ఆ సిగ్గుతో ఎక్కడా నిలబడలేక మిద్దె ఎక్కింది, దిగింది, మళ్లీ ఎక్కింది. ప్రశాంతి అన్నానికి పిలిస్తే ఆకలి లేదంది.

పదిహేనో రోజు పొద్దున ఎనిమిదికి రామాంజులు సైకిలు దిగాడు. అతని వెనకే ఓబుళేసు గారు న్యాయం జరగడం కళ్లారా చూడటానికి వచ్చి నిలబడ్డాడు. ఇంకో పది మంది ఎవరి గేట్ల దగ్గర వాళ్లు. బేరగాడికి రావద్దని చెప్పి పంపమని బయమ్మ కొడుకుకు అప్పటికే చెప్పింది. ఎందుకని అతను అడగబోయి తల్లి ముఖం చూసి ఊరుకున్నాడు. ఆమె చుక్కి పలుపు విప్పింది. 4-112 గేటులో నుంచి బయటికి తోలింది, వెనకే దూడ తడబడుతూ వచ్చింది. పదడుగులు వీధిలో నడిచి 4-113 గేటు ముందు ఆగాయి. ఆ పొద్దూ సెలవు పెట్టిన కృపాకుమారి గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచింది. క్రోటన్ కుండీలన్నీ అప్పటికే మెట్ల మీదికి ఎక్కించి ఉన్నాయి.

రామాంజులు ఒకసారి నోటీసు చూశాడు, ఒకసారి గేటు మీద నంబరు చూశాడు. అతనికీ ఇంట్లో రెండు మేకలున్నాయి. సదరు ఆవరణ నుండి తొలగించబడినది అని రాసుకుని సైకిలెక్కాడు. ఇది రూలు కాదని ఓబుళేసు గారు అంటే, రాసింది ఇదే గదా సామీ, అని తొక్కుకుంటూ పోయాడు.

చుక్కిని కొత్త గూటానికి కట్టారు. కృపాకుమారి బకెట్టుతో నీళ్లు తెచ్చి ముందు పెట్టింది. చుక్కి వాసన చూడలేదు, ఆలోచించలేదు, మూతి ముంచి అడుగు దాకా తాగింది. కృపాకుమారి ఖాళీ బకెట్టు పట్టుకుని నిలబడింది. బయమ్మ వైపు చూడలేదు. ఒకసారి చాపిన చెయ్యి మళ్లీ చాపే మనిషి కాదామె.

గోడ మీదుగా ప్రశాంతి పిలిచింది. "అత్తా, కాఫీ ఆరిపోతాండాది. ఇంట్లోకి రాండి."

వీధిలో జనం ఇంకా కదల్లేదు. వాళ్లల్లో బయమ్మ వాళ్లవాళ్లూ ఉన్నారు, వరసకు తమ్ముడయ్యేవాడూ ఉన్నాడు. బయమ్మకు గొంతు నిజంగానే ఎండిపోయింది. రాత్రి నుంచి ఏమీ ముట్టలేదు. దూడ వచ్చి ఆమె చీర కుచ్చెళ్లలో మూతి పెట్టింది. ఆమె దాన్ని పక్కకు నెట్టి, కోడలికీ, వీధికీ, అందరికీ వినబడేలా మాట్లాడింది.

"ఉండవే. నాకు దప్పి అయితాండాది. కృపమ్మా, మంచినీళ్లు ఇయ్యి."

కృపాకుమారి బకెట్టు కింద పెట్టింది. లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది. తెచ్చే తొందరలో నీళ్లు కొన్ని మెట్ల మీద ఒలికాయి. బయమ్మ ఎత్తి పోసుకోలేదు. చెంబు అంచుకు నోరు పెట్టి, కళ్లు మూసుకుని తాగింది. తాగి ఖాళీ చెంబు తిరిగి చాపింది.

"ఇంకొంచెం పొయ్యి," అంది.

కృపాకుమారి కడవ కోసం లోపలికి పోయింది.